నురగ కప్పు కడిగిన చేయి

తమ్ముడు బాలరాజ్‌కు,

ఇబ్రహీంపట్నంలో మా పళ్ల దవాఖానలో ఉప్పునీటి చేపల తొట్టిని నువ్వే చూసుకునేవాడివి. అందులో బుడగలు ఆగడం లేదని డాక్టరమ్మ నిన్ను మాన్పించి నెల దాటింది. ఆ బుడగలకు కారణం నేను.

నీళ్లలోని మురికిని నురగగా లాగే స్కిమ్మర్ ఉంది కదా, ఆ నురగ చేరే దాని కప్పు కంపు కొడుతోందని పేషెంట్లు ముక్కు మూసుకున్నారు. "వట్టి నీళ్లతోనే కడుగు అక్కా" అని నువ్వు ముందే చెప్పావు. కానీ సబ్బు పెట్టనిదే నాకు ఏదీ కడిగినట్టుండదు. గిన్నెల సబ్బుతో రుద్ది రుద్ది తోమాను. మర్నాటికి తొట్టి నిండా పాలు కలిపినట్టు సన్నని బుడగలు.

నువ్వు తుర్కయాంజాల్ నుంచి మూడుసార్లు వచ్చావు. స్కిమ్మర్‌లోకి పోయే గాలి తగ్గించావు, నీళ్లు బయటికొచ్చే గొట్టానికి స్పాంజి కట్టావు. చివరికి నన్నే అడిగావు: "అక్కా, దీనికి సబ్బు గిట్ల తగిలిందా?"

పని పోతుందని భయపడి "నాకేం ఎర్క?" అన్నాను. నువ్వు నమ్మావు. డాక్టరమ్మ ముందు తల వంచుకుని, "నాతోనే ఏదో తప్పైంది మేడం" అన్నావు.

కొత్తాయన వచ్చి సగం నీళ్లు మార్చేసరికి బుడగలు పోయాయి. "పనొచ్చినోడంటే ఇట్లుండాలె" అంటోంది డాక్టరమ్మ.

డాక్టరమ్మకు ఎదురుగా నిలబడి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఈ కాగితం తెచ్చి ఆమెకు చూపించు. ఇది రాసింది నువ్వేనా అని నన్ను పిలిచి అడిగితే, ఈసారి "నాకేం ఎర్క" అనను.

ఇట్లు,
నువ్వు అక్కా అని పిలిచిన ఆయా