తాళం వెయ్యని ఫోను

తెనాలి,
శుక్రవారం.

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. చెన్నైలో మీరు వేళకు తింటున్నారనీ, ఆ మెస్సు సాంబారు మీ కడుపును ఇంకా పాడుచెయ్యలేదనీ అనుకుంటాను. ఈ ఉత్తరం పార్సిల్ డబ్బాలో అన్నిటికంటే పైన పెట్టాను. కిందున్న వస్తువు జోలికి పోకుండా ముందు ఇది చదవండి. మీకు తొందరెక్కువ.

మీ ఉత్తరం అందింది. ఫోనులో చెబితే వినడం లేదని, అత్తయ్యకు చదివి వినిపించమని కాగితం మీద రాసి పంపారు. వినిపించాను. "మోసగాళ్ళు" అన్న మాట రాగానే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టారు. మిగతాది నాకు నేనే చదువుకున్నాను.

తెలియని ఫైలు అమ్మ ఎందుకు తెరిచిందని మళ్ళీ అడిగారు. ఆవిడ దృష్టిలో అది తెలియనిది కాదండీ. బాపట్ల బసవేశ్వరరావు బాబాయిగారి ఫోను నుంచి వచ్చింది. వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందని మనకు అప్పటికే తెలుసు. పైన "పెళ్ళి పిలుపు" అని ఉంది. ఆయన ఫోను అప్పటికే దొంగల పాలైందని ఎవరికి తెలుసు? ఈవిడ నొక్కగానే ఫోను అడ్డుపడింది, ఇది ఎక్కడిదో తెలియదు, ఎక్కించవద్దు అని. "శుభలేఖ ఇంటికొస్తే వద్దంటామా ఎవరమైనా" అనుకుని అన్నిటికీ సరే, సరే అని నొక్కుకుంటూ పోయారట. ఆ సాయంత్రానికి పింఛను డబ్బులు పోయాయి. అదే పిలుపు ఆవిడ పేరు మీద పేరాల నుంచి రేపల్లె దాకా చుట్టాలందరికీ వెళ్ళింది. డబ్బు పోయినందుకు ఆవిడ ఏడవలేదు. తన పేరు చూసి నమ్మి రేపల్లె శకుంతల పిన్ని కూడా తెరిచిందని తెలిసినప్పుడు ఏడ్చారు.

పోయిన వారం బాబాయిగారు, పిన్నిగారు స్వయంగా వచ్చి, నాలుగు మూలలా పసుపు రాసిన అసలు శుభలేఖ చేతిలో పెట్టారు. అత్తయ్య దాన్ని పట్టుకుని నా వైపు చూసి, "ఇది తెరవొచ్చా సుధా?" అన్నారు. బాబాయిగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆవిడ ఫోను నిన్నటిదాకా మినప్పప్పు డబ్బాలోనే ఉంది. ఎవరైనా చేస్తే వంటింట్లో డబ్బా మోగేది, అంతే.

మీ కోపం నాకు అర్థం కానిది కాదు. మోసపోయినవాళ్ళ ఫిర్యాదులు వినడమే మీకు బ్యాంకు ఇచ్చిన పని. కూతురి చదువుకని దాచిందంతా పోయిన ఒకాయన మాట రాక, ఫోను పట్టుకుని ఊపిరి మాత్రం పీలుస్తూ ఉండిపోయాడని మీరే చెప్పారు. ఆ రాత్రి మీరు అన్నం తినలేదు. ప్లే స్టోరులో దొరకని బయటి యాప్‌లన్నీ తీసేసి, ఇంకేవీ ఎక్కకుండా ప్రతి ఫోనుకూ తాళం వెయ్యమని మీరు రాశారంటే, అలాంటివాళ్ళందరినీ తలుచుకునే రాశారు. మీరన్నది తప్పని నేననను.

కానీ తాళాలు వేశావా అని మీరు అడిగినప్పుడు వేశానని చెప్పాను చూడండి, అది అబద్ధం. అత్తయ్య ఫోనుకు వేశాను. మన పాప దేవిక ఫోనుకు వెయ్యలేదు, నా ఫోనుకు వెయ్యలేదు. వెయ్యను కూడా.

పాప చేతికి అంటించిన బిళ్ళ ఒంట్లో చక్కెర ఎంతుందో ఎప్పటికప్పుడు చెబుతూనే ఉంటుంది. చెబితే వినేవాళ్ళుండాలి కదా. కంపెనీ వాళ్ళ యాప్ మన పాత ఫోన్లలో ఎక్కదు. చక్కెర పడిపోతే పాప బ్యాగులోని ఫోను నుంచి నా దాకా వచ్చి కేకేసేది ఆ బయటి యాపే. రాసినవాళ్ళు మనకు ముక్కూ మొహం తెలియనివాళ్ళు. మన దేవికలాంటి పిల్లలున్న అమ్మలూ నాన్నలూ, ఏ దేశంలోనో కూర్చుని, ఉద్యోగాలయ్యాక రాసి ఊరికే ఇచ్చారు. పేరూ ఊరూ నమోదు చేసుకోనివాళ్ళ యాప్‌లను ముందు ముందు కంపెనీలే ఫోన్లలోకి రానివ్వవట అని మన తల్లిదండ్రుల గ్రూపులో రోజూ వాదనలే. తెలిసి ఎక్కించుకునేవాళ్ళకు ఏదో ఒక దారి ఉంచుతారులే అని కొందరు, ఆ దారినే దొంగ కూడా వస్తాడని కొందరు. ఇరుపక్కలవాళ్ళు చెప్పేదీ నిజమే. నాకు మాత్రం అవన్నీ చదివే ఓపిక పోయింది.

గొంతు ఎందుకంత నీరసంగా ఉంది, రక్తపరీక్ష చేయించుకో అని కూడా రాశారు. రక్తానికేం కాలేదండీ. నిద్ర లేదు.

దేవికకు ఆరో ఏట ఈ జబ్బు బయటపడిన కొత్తలో మనిద్దరి ఫోన్లూ మోగేవి గుర్తుందా? నేను జాకెట్లు కుట్టి కుట్టి మొద్దునిద్ర పోయినా, చెన్నై నుంచి మీరు ఫోను చేసి, "సుధా లే, పాపకి పడిపోతోంది" అనేవారు. నేను లేచేదాకా చేస్తూనే ఉండేవారు. అప్పుడూ అలసటే, కానీ ఇద్దరం పంచుకున్న అలసట. వేసవిలో మీ ఆఫీసువాళ్ళు ఒప్పుకోరని మీ ఫోనులోంచి ఆ యాప్‌ను తీసేశారు. మరి రాత్రిళ్ళు ఎలాగండీ అంటే, "నువ్వున్నావుగా" అన్నారు. ఆ మాటకు అప్పుడు నేను పొంగిపోయాను కూడా. అప్పటినుంచి ఒక్క రాత్రి కూడా నేను నిద్రపోలేదండీ. పడుకుంటాను. చెవి మేలుకునే ఉంటుంది. పక్కింట్లో మిక్సీ తిరిగినా లేచి కూర్చుంటున్నాను. కుట్టు మిషను మీద కూర్చుంటే ఆ చప్పుడులో ఫోను వినపడదేమోనని మధ్య మధ్య తొక్కడం ఆపి వింటున్నాను. ఒకావిడ జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. దేవిక నా చేత ఒట్టు పెట్టించుకుంది, నాన్నకి చెప్పకమ్మా, భయపడతారని. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను.

పోయిన ఆదివారం శకుంతల పిన్నికి క్షమాపణ చెప్పడానికి పాపను తీసుకుని రేపల్లె రైలెక్కాను. అత్తయ్య మొహం చెల్లక రాలేదు. పాపను కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. రైలు ఊపుకు, ఆ గాలికి, వేమూరు దాటకముందే నాకు కన్నంటుకుంది. ఎన్నాళ్ళకో వచ్చిన నిద్ర. ఎవరో భుజం పట్టి కుదిపేదాకా నాకు ఒళ్ళు తెలియలేదు.

ఎదురుగా కూర్చున్న ఎండుచేపల ఆవిడ. పేరు ఏసమ్మ అని తర్వాత తెలిసింది. "అమ్మాయ్, లెగు. నీ సంచీలో ఫోన్లు గోల పెడతా ఉన్నాయి. పిల్లని చూడు, ఒళ్ళంతా చెమటలు" అంది.

దేవిక కిటికీ ఊచకు తల ఆనించి ఉంది. పిలిస్తే కళ్ళు తెరిచింది గానీ నన్ను చూడలేదు. తొందరలో పళ్ళతో చింపితే గ్లూకోజ్ పొట్లం సగం రైల్లోనే ఒలికిపోయింది. ఏసమ్మ పాపను తన ఒళ్ళోకి వాల్చుకుని పట్టుకుంది. మింగుతోందో లేదో చూసుకుంటూ కొంచెం కొంచెంగా నోట్లో పెట్టాను. భట్టిప్రోలు దగ్గరికి వచ్చేసరికి పాప లేచి కూర్చుని, చేపల వాసనేంటమ్మా అని అడిగింది. అప్పుడు ఏడ్చాను. రైల్లో అందరూ చూస్తున్నా ఏడ్చాను.

ఏసమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "నీకు తోడు మేలుకునేవాళ్ళు ఇంటో ఇంకెవరూ లేరా తల్లీ?" అని అడిగింది. ఉన్నారని చెప్పబోయి ఆగిపోయాను.

ఆ మాట పట్టుకునే బుధవారం బాపట్ల వెళ్ళాను. మన గ్రూపులో ఉండే హరిత తెలుసుగా, కాలేజీలో పాఠాలు చెబుతుంది, వాళ్ళబ్బాయికీ ఇదే జబ్బు. అద్దం పగిలిన నా పాత ఫోను ఆవిడ చేతిలో పెట్టాను. అందులో ఉన్నవన్నీ తుడిచేసింది. బ్యాంకు లేదు, సిమ్ము లేదు, ఒక్క చుట్టం నంబరు లేదు. ఆ బయటి యాప్ ఒక్కటే ఎక్కించింది. దొంగ వచ్చినా ఎత్తుకుపోవడానికి ఏమీ లేదంది. డబ్బాలో ఈ ఉత్తరం కింద ఉన్నది అదే. మీ గదిలోని వైఫై చాలు. పాపకు పడిపోతే మోగుతుంది, అది తప్ప దానికి వేరే పని లేదు. మీ ఫోనుకు ఎన్ని తాళాలు కావాలంటే అన్ని వేసుకోండి. దీనికి వెయ్యకండి. తలగడ పక్కన పెట్టుకోండి.

రాత్రిళ్ళు నా ఫోను మోత ఆపి పడుకుంటాను, మోగితే నాకు చెయ్యకండి. అత్తయ్యకు చెయ్యండి.

నిన్న డబ్బా సర్దుతుంటే అత్తయ్య పక్కన నిలబడి అంతా చూశారు. కాసేపటికి వంటింట్లోకి వెళ్ళి, మినప్పప్పు డబ్బా మూత తీసి, ఫోను తెచ్చి చీరచెంగుతో తుడిచారు. "నాగరాజు ఫోను చేస్తే ఎత్తడం నాకొచ్చుగా. వాడు లేపితే లేచి గ్లూకోజు నేను పట్టిస్తాను. పిల్ల తేరుకోకపోతే అప్పుడు నిన్ను లేపుతాను" అన్నారు. ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకనలేదు అత్తయ్యా అంటే, "నువ్వు అడగలేదుగా. శుభలేఖ తెరిచినదాన్ని, నాకై నేను ఎట్టా చెప్పను?" అన్నారు. అప్పటినుంచి గ్లూకోజ్ ఎంత, ఎలా పట్టించాలి, ఎప్పుడు నన్ను లేపాలి అని పాప ఆవిడకు పాఠం చెబుతోంది. ఆవిడ తప్పు చెబితే గోడకుర్చీ వేయిస్తానంటోంది.

పార్సిల్ సోమవారానికి అందుతుందని కొరియర్ అబ్బాయి చెప్పాడు. అందగానే చార్జింగు పెట్టి, ఆన్ చేసి, అత్తయ్యకు ఒకసారి ఫోను చేసి చూడండి. ఆవిడ ఎత్తితే చాలు, నాతో ఏమీ మాట్లాడక్కర్లేదు. సోమవారం రాత్రి నేను నిద్రపోతాను.

ఇట్లు,
నిద్రకు మొహం వాచిన మీ ఆవిడ,
సుధ.