తెరమీది ఇల్లాలు అన్న మాట

కనజావా,
1925 మే 6

త్సుబాకి సినిమా హాల్లో తెరపక్కన నిలబడి మూగబొమ్మలకు మాటలు చెప్పే నిషిగాకి రైఫూ గారికి, సోయా టోఫూ కొట్టు తోమెజో నమస్కరించి రాయునది.

చెర్రీ చెట్లు పూలు రాల్చుకుని ఆకులు తొడిగాయి. మీ గొంతు కులాసాగా ఉందని తలుస్తాను.

నేను పాత కత్తియుద్ధాల సినిమాల మనిషిని. ఈ కొత్తరకం సంసారం సినిమాలంటే నాకు ఆవలింతలు. అలాంటి నన్ను నిన్న మొదటి వరసలో కూర్చోబెట్టి భోరున ఏడిపించారు. గడపలో నిలబడి ఆ ఇల్లాలు ఏమంది? "పదకొండేళ్లుగా తెల్లారకముందే లేచి సోయా గింజలు రుబ్బుతున్నాను. ఒక్కసారి నాకేసి తలతిప్పి చూశారా? పంటినొప్పితో చెంప బూరెలా వాచిననాడు, చారులో ఉప్పెక్కువైందన్నారు గానీ ఏమైందని అడిగారా?"

బ్యాంకు గుమాస్తా పెళ్లాం సోయా గింజలు ఎందుకు రుబ్బుతోందో బోధపడలేదు గానీ, ఆవిడ కష్టం మాత్రం బోధపడింది. ఆ మొగుడు మనిషా, పశువా? కూర్చున్న మెత్త తీసి తెరమీదికి విసిరాను. ఇవాళ మళ్లీ వస్తున్నాను.

ఇట్లు,
మీ సినిమా పిచ్చివాడు తోమెజో

తా.క. మా ఆవిడ మిత్సుయె సోమవారం పుట్టింటికి వెళ్లిపోయింది. కారణం తెలియదు. ఆ సినిమా చూస్తే, తనకు ఎంత మంచి మొగుడు దొరికాడో తెలిసేది.

కనజావా,
మే 8

తోమెజో గారికి రైఫూ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి పొంగిపోయాను. తా.క. దాకా చదవకముందే జవాబు మొదలుపెట్టాను. మీరు ఇంత తొందరగా గ్రహిస్తారనుకోలేదు. తప్పు తెలుసుకున్న మగవాణ్ణి నేను సినిమాల్లోనే చూశాను, అదీ చివరి రీలులో. ఇక ఆలస్యం దేనికి? రైలెక్కి ఆవిడ దగ్గరికి వెళ్లండి. తలవంచి క్షమించమనండి. ఆవిడ మీకోసం ఎదురుచూస్తోంది. ఉత్తచేతులతో మాత్రం వెళ్లకండి.

మీ శ్రేయోభిలాషి,
రైఫూ

తా.క. మీ మెత్త చిరిగి దూది నా మీసాలకు అంటుకుంది. ఆ ఆట అయ్యేదాకా జనం నన్ను కూడా కథలో ముసలాయన అనుకున్నారు.

కనజావా,
మే 14

రైఫూ గారికి తోమెజో రాయునది.

మీరు చెప్పినట్టే చేశాను. ఒళ్లో నీళ్ల బకెట్టు, అందులో ఆరు టోఫూ ముక్కలు పెట్టుకుని క్యోటో దాకా రైల్లో వెళ్లాను. ఆ సినిమా తీసిన స్టూడియో గేటు దగ్గర రెండు రోజులు కాపలా కాసి, ఆ ఇల్లాలి వేషం వేసిన ఉతాకో గారి కాళ్లమీద పడ్డాను. "అమ్మా, మగజాతి తరఫున క్షమించు. ఇకమీదట నీచేత సోయా గింజలు రుబ్బించం" అన్నాను. ఆవిడ "ఎవరయ్యా నువ్వు, నేనెప్పుడు రుబ్బాను?" అంది. నాకోసం ఎదురుచూస్తోందని మీరే కదా రాశారు. ఆ మాటే అంటే గేటువాడు పోలీసును పిలిచాడు. మీ ఉత్తరం చూపించాను. ఆ పోలీసాయన మీ మొహం కూడా ఒకసారి చూడాలన్నాడు.

ఇట్లు,
బకెట్టు పోగొట్టుకున్న తోమెజో

తా.క. పెళ్లినాడు మిత్సుయె తెచ్చుకున్న బట్టల బీరువా తిరిగి పంపమని మా అత్తగారు కబురుచేసింది. బీరువా గడప దాటితే పెళ్లి దాటిపోయినట్టే. సోమవారం బండి వస్తుందట. రాత్రి ఆ బీరువాకు వీపు ఆనించుకుని కూర్చున్నాను. నాకు భయంగా ఉంది. ఎవరితోనూ అనకండి.

కనజావా,
మే 15

తోమెజో గారికి,

నెత్తి కొట్టుకోగా మిగిలిన రెండో చేత్తో రాస్తున్నాను. నేను వెళ్లమన్నది మీ ఆవిడ దగ్గరికి.

నిజానికి ఆ సినిమాలో ఇల్లాలు గడపలో నిలబడి అడిగేది గొడుగు. అంతకుమించి ఏమీ లేదు. పుట్టింటికి వెళ్లిన సోమవారం మిత్సుయె గారు మా హాలు వెనక తలుపు తట్టి, "ఇంట్లో చెబితే ఆయనకు వినబడదు. ఆయన చెవులు మీ హాల్లోనే పనిచేస్తాయి. నా మాటలు ఆ బొమ్మచేత అనిపించండి" అన్నారు. పొల్లుపోకుండా అనిపించాను. పదకొండేళ్లూ, పంటినొప్పీ, సోయా గింజలూ ఆవిడవే. ఆ పశువు మీరే.

ఆవిడ రోజూ పుట్టింటినుంచి రైల్లో రెండో ఆటకు వచ్చి, ఆడవాళ్ల వైపు రెండో వరసలో కూర్చుంటున్నారు. మీకు మూడు గజాల దూరం. మీరు తెరమీంచి తలతిప్పలేదు. మీరు క్యోటోలో ఉన్ననాళ్లూ వచ్చి ఖాళీ చోటు చూసి వెళ్లారు. ఎందుకమ్మా రోజూ టికెట్టు దండగ అంటే, "నా మాటకు ఆయన కళ్లనీళ్లు పెట్టుకోవడం పదకొండేళ్లలో ఇక్కడే చూశానండి" అన్నారు.

ఆదివారం ఆఖరి ఆట. గడప దగ్గరి ఘట్టం రాగానే నేను నోరు మూసుకుంటాను. మాట ఆవిడే అంటారు. మీరు తెర చూడకండి. జవాబు నాకు రాయకండి, ఆవిడతో చెప్పండి.

మీ
రైఫూ

తా.క. క్యోటో పోలీసాయన నిన్న వచ్చారు. నన్ను గద్దించి, సంగతంతా విని, చాలాసేపు మీసం దువ్వుకున్నారు. ఆదివారానికి ఒక టికెట్టు కొన్నారు. ఆయన భార్య నన్ను ఎప్పుడైనా కలిసిందేమో, ఏమైనా చెప్పిందేమో అని మెల్లగా అడిగి వెళ్లారు.