బ్యాటరీ నా సంచిలో ఉంది

తమ్ముడూ,

అన్నం పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. వేడిచేసుకుని తిను. గుండె మాత్ర మరిచిపోకు. నేను కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను.

నీ రిమోటు కారు మంచం కిందే ఉంది. దాని బ్యాటరీ మాత్రం నా సంచిలో ఉంది. "బొమ్మే కదక్కా, నాతోపాటు నడుస్తుందంతే" అన్నావు. అటక మీద దుప్పట్ల వెనక నువ్వు దాచిన కారు డబ్బా దొరికింది. దాని మీద రాసింది కూడబలుక్కుని చదివాను. గంటకు అరవై కిలోమీటర్లట! నువ్వు నడిపిన బస్సు కూడా అంత వేగంగా పోయేది కాదు. మధ్యాహ్నమంతా పడుకున్నానంటావు, మరి చెప్పులకు ఆ తడి మట్టి ఎక్కడిది? కారు వీధి మలుపు తిరగగానే దాని వెనకాల పరుగెత్తుతున్నావు కదూ?

ఈ ఇంటి నుంచి వెళ్ళిపోయిన వాళ్ళందరూ ఆ మలుపు దాకానే నాకు కనిపించారు. ఇక మిగిలింది నువ్వొక్కడివే.

అక్క

ఇంకో మాట. సాయంత్రం కారు పట్టుకుని బస్టాపుకు రా, బ్యాటరీ అక్కడ ఇస్తాను. కళ్ళలో మందు వేస్తారు, మెల్లగా నడవాలి. ఇంటిదాకా దాన్ని నా పక్కనే నడిపించు. అంత నెమ్మదిగా పోతుందో లేదో నేనూ చూస్తాను.