ఎనిమిదో మిషను పలికింది

చోడవరం,
8-3-1974

దేవరాపల్లిలో మా కరుణక్కకు,

మొన్న కొట్టుకి వచ్చినప్పుడు, రేడియోలు బాగుచేసుకునేవాడికి ఈ చెక్క పళ్ళాలూ కర్రలూ ఎందుకని అడిగేవు. సామాను పనికొస్తుందన్నాను. అబద్ధమక్కా. నీకు ఎనిమిదేళ్ళుగా చెప్తున్న అబద్ధం ఇంకోటుంది. ఇది దాని పిల్ల.

అవి భూమిలో మందుపాతరలు వెతికే మిషన్లు. వైజాగులో పాత మిలిటరీ సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర ఒక్కోటీ ఏరి తెచ్చేను. పళ్ళెం గుండ్రంగా ఉంటే అమెరికాది, కోలగా ఉంటే ఇంగ్లండుది. ఇంగ్లండుదైతే పైరంగు గోకితే వాళ్ళ మిలిటరీ బాణం గుర్తు బయటపడుతుంది. వాల్వులు చూస్తే ఏ యుద్ధం నాటిదో, మధ్యలో ఎవరైనా మార్చేరో తెలిసిపోతుంది. పళ్ళెం కింద లోహం ఉంటే చెవుల ఫోన్లో కూత మారుతుంది. అంతే దాని విద్య.

బావ ఫిరంగి గుండు తగిలి పోయేడని నీకు చెప్పేను. కాదు. అరవై ఆరులో, యుద్ధం ఆగేక, రాజస్థాన్ ఇసకలో మా పటాలంవాళ్ళం పాతరలు ఏరుతున్నాం. మిషనుతో నేను ముందు, నేను వెతికిన దారికి రెండు పక్కలా తెల్ల టేపు పరుస్తూ బావ వెనక. "ఏటి సత్యం, ఏటైనా ఇనబడతందా?" అన్నాడు. ఏమీ లేదు, రా బావా అన్నాను. పది అడుగులు వేసేనో లేదో వెనక నేల లేచిపోయింది. తెలివొచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. కుడి చెవి పోయింది. బావని అప్పటికే మట్టిచేసేసేరు. ఎక్కడ అడుగేసేడని నేనెవర్నీ అడగలేదు. అడగడానికి భయం.

చెక్కపెట్టె పాతరలుంటాయి, లోపల సూదంత ఇనుమే. అలాంటిదై ఉంటుంది, నా మిషను పట్టలేకపోయింది అని సర్దిచెప్పుకున్నాను. రుజువు కోసం పెరట్లో అలాంటి పెట్టె పాతి, తెచ్చిన ప్రతి మిషనూ దాని మీద తిప్పేను. ఏడు పలకలేదు. కానీ ఫోను పెట్టుకున్న ప్రతిసారీ ఆ కూత అడుగునుంచి బావ అదే మాట అడుగుతాడు. జవాబు చెప్పబోతే ఆగిపోతాడు.

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి ఎనిమిదోది తిప్పేను. ఆ రోజు నా చేతిలో ఉన్న రకమే. పలికింది, సన్నగా, దోమ పాడినట్టు. మూడుసార్లు తిప్పితే మూడుసార్లూ పలికింది.

అంటే తప్పు మిషనుది కాదు. ఆ పూట నా ధ్యాస సెలవు మీద ఉంది. నీ బతుకు ఇలా చేసింది నేనే. నెలాఖరుకి కొట్టు మూసి ఎటైనా పోతాను. నీ చేతి అన్నం తినే మొహం లేదు నాకు.

క్షమించమని అడగలేని
సత్యరాజు

దేవరాపల్లి,
14-3-1974

ఒరే సత్యం,

నువ్వు ఫిరంగి గుండని చెప్పిన రోజున నేను తలూపేను. కాదని నాకు అప్పటికే తెలుసు. నువ్వు ఆసుపత్రిలో ఉండగానే మీ హవల్దారు ఉత్తరం రాసేడు. నువ్వు వెతికిన దారంతా మళ్ళీ వెతికేరట, ఏమీ దొరకలేదట. మీ బావ టేపు దాటి అయిదు గజాల అవతల, రేగుపొద దగ్గర పడి ఉన్నాడట. జేబు నిండా రేగుపళ్ళట.

నీ చెవి తప్పు కాదురా. ఆ పళ్ళు అడిగింది నేను. స్వర్ణకుమారి అప్పుడు కడుపులో ఉంది. పుల్లగా రేగుపళ్ళు తినాలనుందని రాసేను. ఇక్కడ చెట్లన్నీ రేగుపళ్ళే, సరదాకి రాసేను అంతే. ఎండబెట్టి సెలవుకి తెస్తానని జవాబు రాసేడు. అదే ఆఖరి ఉత్తరం. నీకు నిజం చెబితే ఆ తప్పు నా దాకా వస్తుందని దాచేను. నువ్వు ఆ పాతిన పెట్టె దగ్గర కూచుని నిన్ను నువ్వు తినేసుకుంటన్నావని తెలిస్తే దాచేదాన్ని కాదు.

ఇన్నేళ్ళూ మన గుంట స్వర్ణకుమారి రేగుపళ్ళు ముట్టుకుంటే చెయ్యి మీద కొట్టేదాన్ని. ఎందుకో దానికి తెలీదు. నిన్న నీ ఉత్తరం చదివి, సంతలో ఆఖరి కాపు దోసెడు కొని దాని ఒళ్ళో పోసేను. అది తినలేదు. నేను ఎప్పుడు కొడతానా అని నా చేతికేసే చూస్తా కూచుంది.

కొట్టు మూయకు. ఆదివారం దాన్ని తీసుకుని వస్తన్నాను. వాళ్ళ నాన్న ఎలా పోయేడో దానికి చెప్పాలి. ఒక్కదాన్నే నోరు విప్పలేను.

మీ అక్క,
కరుణమ్మ