పదిహేనో రాయి

తిరువూరు,
తపస్సు కాలం, మూడో ఆదివారం.

చిరంజీవి గ్లోరికి అమ్మ ముద్దులు.

యేసు మరియ జోజప్పల దయవల్ల నేను, మీ నాన్న, మేక, మొన్న అది ఈనిన పిల్ల, అందరం ఇక్కడ బాగున్నాం. నెల్లూరు మఠంలో, ఆ ఎండల్లో నువ్వు, తోటి పిల్లలు కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. ఈ ఉత్తరం నీకంటే ముందు మదర్ గారు విప్పి చదువుతారని తెలుసు. చదవనీ. మదర్ గారూ, నమస్కారమండి. ఇందులో మీ గురించి చెడ్డమాట ఒక్కటీ లేదు, సాంబారు పల్చగా ఉంటుందని మా అమ్మాయి రాసిన మాట తప్ప.

నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాళ్లు ఫరవాలేదు. షుగరు తగ్గలేదు, పెరగలేదు. మీ నాన్నకి దగ్గు పోయింది. పక్కింటి ఖతీజాబీ వదిన కుట్టు మిషను బాగైంది, నీకో జాకెట్టు కుడతానంటే, దానికి ఇంకెక్కడి జాకెట్లమ్మా అన్నాను. అనేశాక లోపలికి వెళ్లి కాసేపు ఏడ్చాను.

అసలు ప్రశ్నకి వస్తాను. క్రిస్మస్ తర్వాత నేను నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడు గేటు దగ్గర నా చెవిలో అన్నావు, దేవుడి ముందు ప్రమాణం చేసి మాటపట్టు తీసుకుని సిస్టరుగా ఉండిపోవాలో, ఇంటికి వచ్చేయాలో తేలడం లేదమ్మా అని. మదర్ గారికీ చెప్పానని, ఆవిడ ఇంట్లోవాళ్లతో మాట్లాడమన్నారని పోయిన ఉత్తరంలో రాశావు. "నాన్నకి చెప్పావా?" అని కింద రెండు గీతలు గీశావు. ఎలా చెప్పనే? మన గుడి కింది ఊళ్లన్నిటికీ, విచారణంతటికీ ఉపదేశిగా ఇన్నేళ్లు జపాలు చెప్పించిన మనిషి. కూతురు సిస్టరవుతోందని ఎ.కొండూరు నుంచి నెమలి దాకా ఒక్క గడప వదలకుండా చెప్పుకొచ్చాడు. నోరు తెరుద్దామనుకున్న ప్రతిసారీ ఆయన మొహం చూసి మానుకున్నాను. చివరికి నేను చెప్పలేదు, కొండ చెప్పించింది. ఆ సంగతే రాస్తున్నాను, నవ్వకుండా చదువు.

బెజవాడ బ్యాంకులో పనిచేసే మీ జోజిబాబు బావ ఉన్నాడుగా, వాడు సెలవొస్తే చాలు కొండలెక్కుతున్నాడు. వాడొక్కడే కాదు, ఓ గుంపు ఉంది. మనం మైలవరం మీదుగా బస్సులో వెళ్తుంటే కొండపల్లి దగ్గర కుడిపక్క కనిపిస్తాయే, ఆ కొండల్లోకి పొద్దున్నే వెళ్లి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరతారట. కోట వెనక ఒక దారి, మూలపాడు వైపు సీతాకోకచిలుకలు తిరిగే దారి ఒకటి, ఏటిని చూస్తూ నడిచేది ఇంకొకటి. "ఊటీ దాకా ఎందుకత్తా, సిటీ బస్సు దిగితే అడవే" అంటాడు. పని లేనివాడు పిల్లి తల గొరిగాడని నేనన్నాను. వాడు ఊరుకుంటేగా? డాక్టరు నిన్ను నడవమన్నాడుగా అని పట్టుబట్టాడు. ఖతీజాబీ వదినకీ షుగరే, తనూ వస్తానంది. ఆడవాళ్లని అడవిలోకి ఒంటరిగా పంపనంటూ మీ నాన్న జపమాల జేబులో వేసుకుని బయల్దేరాడు. నిన్న కాదు, అంతకుముందు శనివారం మాట ఇది.

ఎంత బాగుందే ఆ దారి! ఆకులన్నీ రాలిపోయి అడవంతా పలచగా ఉంది. మోదుగలు మాత్రం ఒంటినిండా పూసి మండుతున్నట్టున్నాయి. బొమ్మలు చేసే పొణికి చెట్లని జోజిబాబు చూపించాడు. చూపించి, కుర్రకారుతో కలిసి ముందుకి వెళ్లిపోయాడు. "దారిలో రాళ్ల మీద గుర్తులుంటాయి, వాటిని పట్టుకుని వచ్చేయండి మావయ్యా" అని ఒక్క కేక వేశాడు.

కాస్త దూరం పోయాక మొదటి రాయి వచ్చింది. దాని మీద తెల్లరంగుతో నిలువుగీత, అడ్డగీత. కింద ఒకటో అంకె. మీ నాన్న చెప్పులు విప్పేశాడు.

"చూశావా లూర్దూ! అడవిలో కూడా సిలువ మార్గం పెట్టారు. ఎవరో పుణ్యాత్ములు" అన్నాడు.

నాకూ అనుమానం రాలేదు. యేసు పాట్లు తలుచుకునే తపస్సు కాలం, కొండ, సిలువ గుర్తు, అంకె. గుణదల మాత కొండ మెట్ల మీద పెరిగినవాళ్లం, ఇంకేమనుకుంటాం? అక్కడే మోకరించాం. ఆయన గొంతెత్తి, యేసు సిలువ మోసిన పద్నాలుగు స్థలాల్లో మొదటిదాని ప్రార్థన అందుకున్నాడు. చేతిలో పుస్తకం లేకపోయినా ఒక్క ముక్క తప్పలేదు. ఖతీజాబీ వదిన మమ్మల్ని చూసి, ఇక్కడ ఇలా ఆగి కూర్చోవాలి కాబోలనుకుని రాయి పక్కన చతికిలబడింది. "మంచి పద్ధతే వదినా, ఆయాసం రాదు" అంది. వెనక వస్తున్న ఇద్దరు బెజవాడ అమ్మాయిలు "ఆంటీ, ఇది మోకాళ్లకి ఎక్సర్‌సైజాండీ?" అని అడిగి, జవాబు వినకుండానే వాళ్లూ మోకరించారు. అలా రాయి తర్వాత రాయి. ప్రతి రాయి దగ్గరా నేను లోపల ఒకటే వేడుకున్నాను. "నా బిడ్డ మనసు గట్టిచెయ్యి స్వామీ, వెనక్కి తిరగనియ్యకు" అని. నాలుగో స్థలంలో మరియ తల్లికి సిలువ మోస్తున్న కొడుకు ఎదురుపడతాడుగా, అక్కడ రాయిని రెండు చేతులా పట్టుకుని ఎంతకీ లేవలేదు. మీ నాన్న నాది భక్తి అనుకున్నాడు.

పద్నాలుగో రాయి దగ్గర సమాధి ప్రార్థన ముగించి, సిలువ గుర్తు వేసుకుని లేచాం. పది అడుగులు వేశామో లేదో పదిహేనో రాయి. మీ నాన్న కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "కొందరు ఉత్థానం, అదే సమాధి నుంచి లేవడం కూడా కలుపుతార్లే" అన్నాడు గానీ, నమ్మకం చాలక, ఉండు చూసొస్తానని పైకి వెళ్లాడు. వదినా, ఆ అమ్మాయిలూ కింద నీళ్లు తాగుతూ కూర్చున్నారు.

నేనొక్కదాన్నే మోకరించాను. ఆ రాయికి నాకు ప్రార్థన రాదు. పద్నాలుగింటికీ మాటలున్నాయి, చిన్నప్పటి నుంచి నోటికి వచ్చినవి. దీనికి లేవు. నోరు ఊరికే ఉండలేక తనంతట తనే తెరుచుకుంది. "తల్లీ, నా గ్లోరిని ఇంటికి పంపించెయ్యి. నాకు నా పిల్ల కావాలి" అన్నాను. మెల్లిగా కూడా అనలేదే, గట్టిగా అన్నాను.

తలెత్తితే మీ నాన్న ఎదురుగా నిలబడి ఉన్నాడు. పదహారు, పదిహేడు కూడా చూసి, ఇవి దారి గుర్తులేనని తేలి, నవ్వుకుంటూ దిగివచ్చినట్టున్నాడు. ఆ నవ్వు మొహం మీదే ఆరిపోయింది.

"ఏమన్నావు?"

ఇక దాచేదేముంది? అంతా చెప్పేశాను. నువ్వు గేటు దగ్గర అన్నది, ఉత్తరంలో రాసింది, అంతా.

"అది నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"మీకు చెబితే మీరు దాన్ని నిలబెట్టడానికి ప్రార్థన పెట్టిస్తారు. అది అడిగింది ప్రార్థన కాదు" అన్నాను. ఆ ధైర్యం నాకెక్కడిదో తెలియదు.

ఆయన ముందు నడిచాడు. పైదాకా ఎక్కాం. అక్కడి నుంచి కృష్ణ ఎంత వెడల్పుగా కనిపించిందో, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ఆ వెనక బెజవాడ. జోజిబాబు ఫోటోలు తీశాడు. సిలువ మార్గం సంగతి విని కిందపడి దొర్లాడు, ఆ గుర్తులు వేసింది వాళ్ల గుంపేనట. వాడి నోట్లో నువ్వుగింజ నానదు, ఈపాటికి చుట్టాలందరికీ చేరే ఉంటుంది. మీ నాన్న నవ్వలేదు, కోప్పడలేదు. దిగేటప్పుడు రాళ్లు జారేచోట నా చెయ్యి పట్టుకున్నాడు, అంతే. వారమంతా ఇంట్లో ముక్తసరిగా మాట్లాడాడు. నాకు భయమేసింది. నీ మీద కోపమో, నా మీదో తెలియలేదు.

నా సంగతి ఒప్పుకుంటున్నాను గ్లోరీ. పద్నాలుగు సార్లు ఉండమని వేడుకున్నది నలుగురి కోసం. పదిహేనోసారి అడిగిందే నా మనసు. కానీ అది నా ఆశ. దాన్ని పట్టుకుని నువ్వు వచ్చేయకు. దేవుడు నిన్ను అక్కడే ఉండమంటున్నాడనిపిస్తే ఉండు, నేను ఏడ్చి ఊరుకుంటాను. మీ నాన్న పరువు కోసం మాత్రం ఒక్క పూట కూడా ఉండొద్దు. ఈ మాట నేను ఒక్కదాన్నే అనడం లేదు. ఈ ఉదయం ఏం జరిగిందో రాస్తే నీకే తెలుస్తుంది.

నీ మాటపట్టుకి రావాలని విచారణ వాళ్లందరూ కలిసి బస్సు మాట్లాడుకున్నారు. ఈ రోజు పూజ అయ్యాక గుడి వరండాలో మీ నాన్న సీట్లకి పేర్లు రాస్తున్నాడు. అంతోనయ్య వచ్చి, వాళ్ల అత్తగారికి కూడా ఒకటి కావాలన్నాడు.

"అయిపోయినయ్యి" అన్నాడు మీ నాన్న.

"అదుగో, కిటికీ పక్కన ఒకటి ఖాళీ ఉందిగా?"

"అది మా అమ్మాయిది."

అంతోనయ్య పెద్దగా నవ్వాడు. "భలేవారే ఉపదేశి గారు! మాటపట్టయితే సిస్టరు గారు అక్కడే ఉంటారు గానీ మన బస్సులో ఎందుకొస్తారండి?"

చుట్టూ అందరూ విన్నారు, ఫాదర్ గారితో సహా. మీ నాన్న పెన్ను మూత పెట్టాడు.

"రాకపోతే ఖాళీగా వస్తది, నాకు సంతోషమే" అన్నాడు. "వస్తానంటే మాత్రం నా బిడ్డ అంత దూరం నిలబడి రాకూడదు."

ఇట్లు,
నీ అమ్మ లూర్దమ్మ,
ఇదంతా చదివి, నా పేరూ పెట్టమన్న మీ నాన్న శౌరయ్య.