రెండు డ్రమ్ముల బెల్లం నీళ్లు

అన్నకు, హైదరాబాదు నుంచి తమ్ముడు శీనయ్య రాస్తున్నాను. నేను క్షేమం. అమ్మ, వదిన, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ క్షేమం కూడా అడగాలి కాబట్టి అడుగుతున్నాను. ఫోన్ చేస్తే ఎత్తవు, అందుకే ఈ కాగితం.

ఇక్కడ అపార్టుమెంట్ల మురుగునీళ్లు శుభ్రం చేసే ప్లాంటులో పని. చలి మొదలైంది. మెస్సులో చేపల పులుసంటే చింతపండు నీళ్లే. అయినా బాగానే ఉన్నాను, దిగులు పడొద్దని అమ్మకు చెప్పు.

చేరిన వారానికే ఒక తప్పు చేశాను. గాలి కొట్టే తొట్టిలో నీళ్లు మడ్డిగా, నురగతో కనిపించాయి. రొయ్య పిల్లను వదిలే ముందు మన గుంటకు చేసినట్టే, బ్లీచింగ్ బస్తా కుమ్మరించాను. రెండు రోజులకు ప్లాంటంతా కంపు. ఎవరు పోశారని సూపర్‌వైజర్ అడిగితే నేనేనన్నాను. ఆయనది మన బుచ్చిరెడ్డిపాలెమే.

“ఏంది అబ్బయా, పనిచేసేవాటినంతా చంపేస్తివే. ఆ మడ్డంతా కంటికి కనపడని పురుగులు. మురుగు తినేది అవే. ఎంత మేత ఉంటే అంత గాలి లాగతాయి. గాలి ఆపినామంటే అవీ చస్తాయి, నీళ్లూ కుళ్లిపోతాయి” అన్నారు.

వేరే ప్లాంటు నుంచి ట్యాంకరుతో మడ్డి తెచ్చి పోశాక తొట్టి మళ్లీ దారికొచ్చింది. ఆయన మాట మాత్రం నన్ను వదల్లేదు.

అన్నా, పోయిన పంటలో రొయ్యలు చచ్చే ముందురోజు సాయంత్రం నువ్వేం చేశావు? ఆకాశం మబ్బుగా ఉంది, ఎండ లేని రోజు గుంట నీళ్లలో గాలే తక్కువ. నీళ్లు బాగుపడతాయని, తవుడు కలిపి పులియబెట్టిన బెల్లం నీళ్లు రెండు డ్రమ్ములు గుంటలో పోయించావు. డీజిల్ దండగని, నీళ్లకు గాలి కొట్టే నాలుగు ఏరేటర్లలో రెండు ఆపించావు. వద్దంటే “నాకు చెప్పేంతోడివైనావా” అన్నావు. తెల్లారేసరికి రొయ్యలన్నీ గట్టు వారన తేలాయి.

“కాపలా పెడితే నిద్రపోయినాడు, ఏరేటర్లు ఆగినా చూడలేదు” అని నలుగురిలో నా చొక్కా పట్టుకున్నావు. ఆపించింది నువ్వేనన్న మాట దాచావు. నేను కునుకు తీసిన మాట నిజం, అందుకే నోరెత్తలేదు. అమ్మ నమ్మింది. ఆ గుంటలో రొయ్యల ఊపిరి లాగేసినవి నువ్వు బెల్లం నీళ్లతో మేత పెట్టిన పురుగులే. తెలియక చేశావంటే ఒప్పుకుంటాను, నేనూ తెలియకే బ్లీచింగ్ పోశాను. కానీ నా తప్పు ఇంకొకరి నెత్తిన రుద్దలేదు.

నా లుంగీలు, కాస్త నిమ్మకాయ ఊరగాయ ఎవరైనా వస్తుంటే పంపండి. ఈ పంటకు బెల్లం నీళ్లు పోస్తే నాలుగు ఏరేటర్లూ తిరగనీ. ఈసారి నెపం వేయడానికి నేను లేను.

అమ్మ కాళ్లకు దండాలు, పాపకు ముద్దులు. నీ ఆశీర్వాదం అడగను. నీ పేరున పంపితే చించేస్తావని కవరు మీద వదిన పేరు రాశాను. అమ్మకు చూపు ఆనదు కదా, ఇంటికొచ్చిన కాగితమల్లా వదినే పైకి చదువుతుంది. కాబట్టి ఈపాటికి అమ్మ అంతా విన్నది. ఇక నువ్వు ఆమెకు ఏం చెబుతావో చెప్పు.

నీ తోడబుట్టినవాడు,
శీనయ్య