పంది రూపాయి

సెప్టెంబర్ 13, 2011. మంగళవారం

ఈ రోజు నుంచి సకల జనుల సమ్మె. బడి లేదు, ఆఫీసు లేదు. కరెంటు ఉండీ లేనట్టే. మరమగ్గాల సాంచెలు ఆగిపోయాయి. సిరిసిల్లలో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

ఊరికే కూర్చోకూడదని నేనూ ఒకటి పెట్టుకున్నాను. ఐదో జార్జి రాజు వెండి రూపాయలు 1912 నుంచి 1920 దాకా నా దగ్గర ఉన్నాయి. 1911 లేదు. తెలంగాణ వచ్చేలోపు అది సంపాదించాలి.

నియమాలు:
ఒకటి. ఎవరి దగ్గరుంటే వారిని నోరు తెరిచి అడగాలి.
రెండు. పాత నాణేన్ని తోమకూడదు. తోమితే విలువ పోతుంది.
మూడు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు.

ఒకటికీ మూడుకీ పొసగదని రాశాక తోచింది. ఉండనీ.

మా ఇంటావిడ రాధమ్మ వెనక నిలబడి అంతా చదివింది. "తెలంగాణ ముందుగాల అస్తదా, నీ నోరు ముందుగాల తెరుస్తవా, చూద్దాం" అంది.

ఇక ఎవరికీ చెప్పను.

సెప్టెంబర్ 15. గురువారం

జగిత్యాల వెళ్లాను. టవర్ దగ్గర హమీద్ గడియారాలు బాగు చేస్తాడు, పాత నాణేలు అమ్ముతాడు. ఆయనకు చెప్పాను. ఆయన లెక్కలోకి రాడు.

1911 రూపాయి కథ చెప్పాడు. రాజు అంగీ మీద, ఛాతీ దగ్గర, చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. ఆ ఏడాది తొండం పొట్టిగా చెక్కారు. జనం చూసి, ఇది ఏనుగు కాదు పంది అన్నారు. గొడవైంది. సర్కారు ఆ రూపాయలు వెనక్కి తీసుకుని చాలా వరకు కరిగించింది. అందుకే దొరకదు.

"నీ దగ్గర ఒక్కటన్న లేదా?" అన్నాను.

"పంది రూపాయి ఇంట్ల పెడితే మా ఇంటామె మహమూదా నన్ను ఉండనిస్తదా కిష్టన్నా? ముసలోళ్ల మెడలల్ల చూడు. పాత కల్దార్లు రూపాయల దండలల్లనే మిగిలినయి."

కల్దార్ అనే మాట విని చాలా ఏళ్లయింది. నిజాం రూపాయి హాలీ, ఇంగ్లీషు రూపాయి కల్దార్ అనేవాడు మా నాయన.

బస్సులో తిరిగి వస్తుంటే వేములవాడ దగ్గర గుర్తొచ్చింది. కోరుట్లలో మా వియ్యపురాలు శంకరవ్వ మెడలో రూపాయల దండ ఉంది.

దొరికినట్టే.

సెప్టెంబర్ 18. ఆదివారం

కోడలు వనితను దండ సంగతి అడగాలనుకున్నాను. పొద్దున "మీ అమ్మ మంచిగున్నదా బిడ్డా?" అన్నాను. ఉందంది. మధ్యాహ్నం మళ్లీ అదే అన్నాను. సాయంత్రం కూడా అదే వచ్చింది నోట.

"అత్తమ్మా, మామయ్యకు ఏమన్న అయిందా? పొద్దటి సంది మా అమ్మనే అడుగుతుండు" అంది వనిత.

రాధమ్మ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

తర్వాత వనితే చెప్పింది. వాళ్లమ్మ దసరాకు ఆ దండ కరిగించి మా మనవరాలి కాళ్లకు పట్టగొలుసులు చేయిస్తుందట. అవుసులాయనతో, అంటే కంసాలితో, మాట్లాడిందట కూడా.

మనవరాలు సంతోషంతో గంతులేస్తోంది. నేనేం అనగలను?

వెంటనే కోరుట్ల వెళ్లాలి. రేపే.

సెప్టెంబర్ 19. సోమవారం

ఆర్టీసీ వాళ్లు కూడా సమ్మెలోకి దిగారు. బస్సులు బంద్. ఇందులో నా తప్పేమీ లేదు. పోరాటంలో నేనూ ఉన్నాను, మా అరుగు మీద.

సెప్టెంబర్ 22. గురువారం

ఫోన్ చేశాను. మాట ముందే అనుకుని ఉంచుకున్నాను: "చెల్లె, దండ కరిగియ్యకుండ్రి. అండ్ల ఒక రూపాయి నాకు కావాలె."

"అన్నా, మంచిగున్నరా?" అంది శంకరవ్వ.

"మంచిగనే ఉన్నం. వానలు పడ్డయా?"

"పడ్డయన్నా."

"సరే అయితే" అని పెట్టేశాను.

ఫోన్‌లో చెప్పే మాట కాదులే. ఎదురుగా ఉండి చెప్పాలి.

సెప్టెంబర్ 26. సోమవారం. కోరుట్ల

రేపు ఎంగిలిపూల బతుకమ్మ. వనిత, మనవరాలు పుట్టింటికి వెళ్లాలి. నేను తీసుకెళ్తానన్నాను. "పక్కింటికి పొమ్మంటే పైసలిచ్చినా పోని మనిషి" అని రాధమ్మ నోరు తెరిచింది.

వేములవాడ దాకా ఒక ఆటో, అక్కడినుంచి ఇంకొకటి. కథలాపూర్ దగ్గర రోడ్డు మీద వంటావార్పు. పొయ్యిలు వెలిగించి అక్కడే వండుతున్నారు. మమ్మల్నీ కూర్చోబెట్టి అన్నం పెట్టారు. జేబులోంచి చేతిరుమాలు తీస్తుంటే నా 1912 రూపాయి కింద పడింది. అన్నం వడ్డిస్తున్న బడిపంతులు తీసి చూశాడు.

"ఇంగ్లీషు రాజు దేశం ఇడిసిపెట్టి పోయిండు గని నీ జేబు ఇడిసిపెట్టలేదా పెద్దమనిషీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పప్పు ఇంకొంచెం వేయించుకున్నాను.

కోరుట్లలో దిగాం. దండ శంకరవ్వ మెడలోనే ఉంది.

ఒక చిక్కు ఉంది. రాజు బొమ్మ పైకి ఉంటుంది, సంవత్సరం ఒంటివైపు ఉంటుంది. సంవత్సరం చూడాలంటే రూపాయి తిప్పాలి. ఆ మాటే లేదు. ఏనుగును చూసే పోల్చుకోవాలి.

సాయంత్రం అన్నం పెట్టడానికి ఆమె వంగింది. దండ నా కళ్లెదుట ఊగింది. ఎడమవైపు మూడోది. తొండం పొట్టి. అద్దాలు సర్దుకుని మళ్లీ చూశాను. పొట్టే.

శంకరవ్వ కొంగు పైకి లాక్కుంది. "ఏందన్నా గట్ల చూస్తున్నరు?"

అనుకుని ఉంచుకున్న మాటంతా గొంతులోనే ఉండిపోయింది. ఒక్కటే బయటికి వచ్చింది.

"పంది."

నియమం ఒకటి నెరవేరింది. నోరు తెరిచాను.

రెండోసారి అన్నం ఎవరూ వడ్డించలేదు.

సెప్టెంబర్ 27. మంగళవారం. సిరిసిల్ల

నాకన్నా ముందు ఫోన్ చేరింది. గడప దగ్గరే రాధమ్మ.

"శంకరవ్వ వదినెను పంది అన్నవట."

"రూపాయిని అన్న."

"రూపాయి ఫోన్ చెయ్యలేదు. వదినె చేసింది."

అంతా చెప్పాను. నవ్వి నవ్వి స్తంభం పట్టుకుని కూర్చుంది. తర్వాత తనే కోరుట్లకు ఫోన్ చేసి చెప్పింది. అటునుంచి కూడా నవ్వు వినపడింది. పిల్లనిచ్చిన ఇంటితో వియ్యం నిలబడింది.

రాధమ్మ ఫోన్ నా చేతికిచ్చింది.

"గింత దానికా అన్నా! దండ రేపే అవుసులాయనకు ఇస్తున్న. మీ రూపాయి ఒక్కటి ఆపుత తియ్యుండ్రి. ఏది అన్నా అది? నడిమిదా?"

ఎడమవైపు మూడోది అనాలి. కానీ అది ఎక్కడుంటుంది? ఆమె గుండెల మీద. వియ్యపురాలికి ఆ చోటు నేను నోటితో ఎలా చెప్పను?

"ఆ. నడిమిదే" అన్నాను.

సెప్టెంబర్ 28. బుధవారం

రాత్రంతా ఎడమ, మూడు, ఎడమ, మూడు.

పొద్దున్నే ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. "అమ్మ అవుసులాయన కాడికి పోయింది మామయ్యా, ఏమన్న చెప్పాల్నా?" అంది వనిత.

ఏమీ లేదన్నాను.

నడిమిది కూడా 1911 కావచ్చు. కాకూడదని ఎక్కడుంది?

అక్టోబర్ 2. ఆదివారం

రాసేదేమీ లేదు. బస్సులు లేవు. సాంచెలు నడవలేదు. నాణేల డబ్బా తీయలేదు.

అక్టోబర్ 6. గురువారం. దసరా

ట్రాలీ ఆటోలో వచ్చారు. వనిత, మనవరాలు, వెనకాలే శంకరవ్వ. ఆమె మెడలో దండ లేదు. పసుపుతాడు, నల్లపూసలు. మెడ చిన్నబోయినట్టు అనిపించింది. ఇంతకుముందు నేను ఆ మెడ వైపే చూశాను గానీ మెడను చూడలేదు.

జమ్మి ఆకును బంగారమని పంచుకునేటప్పుడు ఆమె నా చేతిలో ఆకు ఉంచింది. "బంగారం తీసుకోండ్రన్నా" అంది. ఆకు కింద చల్లగా ఏదో తగిలింది. "గిగో మీ పంది గూడ."

ఇంటిల్లిపాదీ నవ్వారు. నేను తలవంచుకున్నాను.

రూపాయి తెల్లగా మెరుస్తోంది. అవుసులాయన కొక్కెం కోసి, అరగదీసి, మెరుగు పెట్టాడు. నా రెండో నియమం ఆయనకు ఎవరు చెప్తారు? రాజు ఛాతీ నున్నగా ఉంది. ఏనుగూ లేదు, పందీ లేదు. తిప్పి చూశాను. 1914. నా దగ్గర రెండున్నాయి.

"గిదేనా అన్నా? అవుసులాయన తోటి కొట్లాడి ఆపిన. దండల నుంచి ఒక్కటి తీసినా తూకం తక్కువ అయితదని ఒకటే లొల్లి పెట్టిండు."

"గిదే చెల్లె" అన్నాను. "గిదే. ఏడేడనో ఎతికిన దీనికోసం."

తడబడకుండా వచ్చింది. అంత పెద్ద మాట నేను ఆమెతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆమె ముఖం వెలిగిపోయింది.

మనవరాలు ఇల్లంతా తిరుగుతోంది. కొత్త పట్టగొలుసులు ఘల్లుఘల్లుమంటున్నాయి. దేశంలో అందరూ వెతికే రూపాయి మా వంటింట్లోంచి అరుగు మీదికి, అరుగు మీదినుంచి వంటింట్లోకి పరుగెడుతోంది.

అక్టోబర్ 7. శుక్రవారం

1914ను డబ్బాలో అన్నిటికన్నా పైన పెట్టాను.

ఈ రోజు నుంచి కొత్తగా మొదలు. ఆరో జార్జి రూపాయలు. తెలంగాణ వచ్చేలోపు పూర్తి చేయాలి. ఈ రాజుకు బొమ్మ మెడ దాకే. అంగీ లేదు, ఛాతీ లేదు, ఏనుగు లేదు. నోరు జారడానికి చోటు లేదు. ధర్మపురిలో వనిత మేనత్త దగ్గర 1947 రూపాయి ఉందట. నోరు తెరిచి అడగాలి.

రాధమ్మ వెనకనుంచి చదివింది. "ముందట ఏం లేదు సరే. ఎనుక ఏమున్నదో చూసుకున్నవా?"

హమీద్‌కు ఫోన్ చేసి అడిగాను. 1947 రూపాయి వెనక పులి ఉంటుందట.

పులి ఫరవాలేదు. నోరు జారి పులి అన్నా ఎవరూ కోపం చేయరు.